గుమ్మడికాయల వెనక

మంచి కబురు వచ్చేసరికి నా నోట్లో బ్రష్ ఉంది. మా ఆయన వంటింట్లోంచి ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చి నా చెవికి ఆనించాడు.

"మెకానిక్కట. గొంతులో హుషారు చూస్తే నీకు పనికొచ్చే సంగతే అనిపిస్తోంది," అన్నాడు.

నేను నురగతోనే "ఊఁ" అన్నాను.

"మేడం, కోల్డ్ రూమ్ మిషన్ మొత్తం విప్పి చూశానండి. భేషుగ్గా ఉంది. లోపల చల్లదనాన్ని గీతలా గీసే మీటరుంటుంది కదా, అది కూడా చూశాను. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా ఆ గీత ఎక్కడా చెప్పుకోదగ్గంత పైకి లేవలేదు. టీచరమ్మగారు స్విచ్ ఆపేశారన్నది శుద్ధ అబద్ధమండి."

నేను బ్రష్ పైకెత్తి గిర్రున తిరిగాను. నురగ అద్దం మీద పడింది, మా ఆయన చొక్కా మీదా పడింది. ఆయన తుడుచుకుంటూ నవ్వాడు. పెళ్లయి మూడు వారాలే అయింది కాబట్టి ఇంకా నవ్వుతున్నాడు. 'మా ఆయన' అనే మాటకి నా నోరు కూడా ఇంకా అలవాటు పడలేదు. అందుకే అవసరం లేని చోట కూడా అంటుంటాను.

ఆ సంతోషం నోరు కడుక్కునే దాకానే నిలిచింది. టేబుల్ దగ్గర కూర్చునేసరికి నా ముఖం వాడిపోయింది.

"ఏమైంది? ఇప్పుడేగా గంతులేశావ్?"

"మిషన్ ఆగలేదు. టీచరమ్మ ఆపలేదు. బాగానే ఉంది. మరి కూరగాయలు ఎలా పాడయ్యాయి?"

"ఓహో. ఉన్న ఒక్క దారీ మూసుకుపోయిందన్నమాట."

"అదే మరి!"

ఆయన కాగితం సంచీలోంచి ఒక అరటిపండు తీసి నా ముందు పెట్టాడు. మొన్న కొన్నప్పుడు అది రాయిలా ఉన్న కాయ. ఇప్పుడు చక్కగా మగ్గి ఉంది. "నీకు పచ్చివి నచ్చవుగా. అందుకని యాపిల్‌తో కలిపి సంచీలో మూతి కట్టి పెట్టాను. మా అమ్మ చేసే పనే," అన్నాడు. నా పొద్దుటి పండు గురించి ముందే ఆలోచించే మనిషి ఒకడు ఈ ఇంట్లో ఉన్నాడు కదా అని మురిసిపోతూ తిన్నాను. మురిసిపోవడమే చేశాను. కళ్లెదుట ఉన్నదాన్ని చూడలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా నెత్తి మీద నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

నేను డిటెక్టివ్ పని చేస్తుంటాను. నిన్న నా చేతికొచ్చిన కేసు ఇది. మా పేటలో ఒక సంఘం ఉంది. పొలం నుంచి అంగడికి చేరేలోపు పారేసే తిండిని కాపాడాలన్నది వాళ్ల పట్టుదల. వంకర తిరిగిందనో, లారీ ఆలస్యమైందనో, ఆర్డరు మిగిలిందనో ఒక పెద్ద కంపెనీ గోదాములో నిక్షేపంలాంటి కూరగాయల్ని గుంటలో పోసేస్తుంటే, రిటైరైన టీచరమ్మ ఒకావిడ పేటలో వాళ్లందర్నీ పోగేసి గేటు ముందు నిలబెట్టింది. అడిగి అడిగి, చివరికి ఒప్పించింది. నెల రోజులు చిన్న చిన్న లోడ్లు నడిచాయి. మొన్న శుక్రవారం మొదటి పెద్ద లోడు వచ్చింది. రెండు రోజులు సెలవు. సోమవారం తలుపు తీసేసరికి పాలకూర, కొత్తిమీర, కీరదోస అన్నీ పసుపు రంగుకి తిరిగి వాడిపోయి ఉన్నాయి.

రేపు కంపెనీ పెద్దసార్లు చూడటానికి వస్తున్నారు. ఈ లోడు సంఘం చేతకానితనం వల్లే పాడైందని తేలితే ఒప్పందం రద్దు. కూరగాయలు మళ్లీ గుంటలోకి. ఒప్పందం కింద "బాధ్యత నాది" అని సంతకం పెట్టింది టీచరమ్మ ఒక్కతే. కరెంటు బిల్లు కలిసొస్తుందని ఆవిడే మిషన్ ఆపేసిందని అప్పుడే పేటంతా చెప్పుకుంటున్నారు.

*

సంఘం కోల్డ్ రూమ్ ఒక పాత ప్రింటింగ్ ప్రెస్ వెనక ఉంది. గుమ్మంలో కంపెనీ ఖాళీ ప్లాస్టిక్ పెట్టెలు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి. నిన్న వాటికి కొట్టుకున్న బొటనవేలే ఇవాళా కొట్టుకుంది.

"అబ్బా! వీటిని తీసుకెళ్లరా వాళ్లు?"

"నెల నుంచి అడుగుతున్నానమ్మా," అంది టీచరమ్మ. సన్నగా, నిటారుగా ఉంటుంది. బోర్డు మీద రాసినట్టు మాట్లాడుతుంది. కానీ ఇవాళ ఆ గొంతులో ఓపిక లేదు. "ఫోన్ చేసిన ప్రతిసారీ ఆ గోదాము మేనేజర్ బాబు 'రేపు పంపిస్తానమ్మా, మీరు నాకు తల్లితో సమానం' అంటాడు. తల్లి మీద అంత ప్రేమున్నవాడు డబ్బాలు మాత్రం తీసుకెళ్లడు."

మెకానిక్ కబురు చెప్పాను. ఆవిడ కళ్లు ఒక్క క్షణం మెరిశాయి. వెంటనే, నేను అడిగిన ప్రశ్నే అడిగింది. "అయితే ఎలా పాడయ్యాయి?"

"తెలీదు టీచరమ్మా."

"తెలీదంటే కుదరదమ్మా. రేపు వాళ్ల ముందు నేనేం చెప్పాలి? నన్ను దోషి అనుకున్నా పర్వాలేదు. ఇంకో రెండు గోదాములవాళ్లు మా వంక చూస్తున్నారు. ఇది పోతే వాళ్లూ తలుపులేసేస్తారు."

కోల్డ్ రూమ్ తలుపు పక్కన గోడ మీద ఎర్రరంగుతో పెద్ద అక్షరాలు: తినగలిగింది ఏదీ కాదనం. దాని కింద ముక్కాలి పీట మీద తాళాలన్నయ్య కూర్చున్నాడు. మొలకి గుత్తెడు తాళాలు కట్టుకుని తిరుగుతాడని ఆ పేరు. గది తెరిచేదీ మూసేదీ ఆయనే. నన్ను చూడగానే తల దించుకున్నాడు.

"అన్నయ్యా, నిన్న అడిగిందే మళ్లీ అడుగుతున్నా. శుక్రవారం లోడు పెట్టాక తలుపు తీశారా?"

"లేదు చెల్లెమ్మా."

"శనివారం?"

"సెలవు కదా."

"సెలవైతే తీయలేదనా, సెలవైనా తీశారనా?"

"సెలవు కదా చెల్లెమ్మా."

గోడతో మాట్లాడినా గోడ కనీసం ప్రతిధ్వని ఇస్తుంది. నాలుగు రకాలుగా అడిగాను. నాలుగుసార్లూ ఆయన సెలవు దగ్గరే ఆగాడు. గుత్తిలో ఒక్కొక్క తాళంచెవినీ లెక్కపెడుతున్నట్టు వేళ్లతో తిప్పుతూనే ఉన్నాడు.

"ఆయన్నెందుకు పీడిస్తావ్, అమ్మాయ్?"

వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. ఆ బూట్ల చప్పుడు, ఆ గొంతు కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్‌వి. పోలీసు ఉద్యోగంలోంచి రిటైరై ఎన్నేళ్లయినా తనని ఇన్‌స్పెక్టర్ అనే పిలవమంటాడు. అందుకే వెనకాల అందరూ 'మాజీ' అంటారు. సోమవారం వచ్చీరాగానే స్విచ్ వంక ఒకసారి చూసి, "ముసలావిడే ఆపింది" అని తేల్చేసింది ఈయనే.

"నమస్కారమండీ. మిషన్ ఆగలేదట. మీ కేసు కూలిపోయింది," అన్నాను.

"విన్నాను. మిషన్ ఆపలేదు సరే, తలుపు తీసి పెట్టారు. అంతేగా తేడా?" మీసం సవరించుకున్నాడు. "కొత్త పెళ్లికూతురివి. హాయిగా సినిమాలకి తిరగాల్సిన రోజుల్లో నీకెందుకమ్మా ఈ కుళ్లిన కూరల గోల? పెళ్లయ్యాక బుర్ర ఇంటి మీదే ఉంటుంది, తప్పులేదు."

"మా ఆయనే పంపించాడండీ. మీలాంటివాళ్లు తీరిగ్గా ఉన్నప్పుడు కేసులన్నీ ఇలాగే తేలతాయని భయపడి."

టీచరమ్మ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాజీ ముఖం ఎర్రబడింది.

"లోపలికి పదండి. తలుపు తీసి పెట్టారో లేదో అక్కడే తేల్చుకుందాం."

*

ఏదీ కదపొద్దని నిన్ననే చెప్పాను కాబట్టి అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. చలి చెంపలకి తగిలింది. గది పెద్దదేం కాదు. ఎడమవైపు అరల్లో ఆకుకూరలు, కుడివైపు కీరదోస, నేల మీద ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ, వెనక గోడకి అడ్డంగా గుమ్మడికాయల గుట్ట.

తలుపు పక్కనే పై అరలో వెన్న ముద్దలు ఉన్నాయి. ఒక బేకరీవాళ్లు ఇచ్చినవట. ఒకదాని కాగితం విప్పాను. అంచులు చాకుతో కోసినట్టు నిక్కచ్చిగా ఉన్నాయి. కాగితానికి ఒక్క నూనె మరక లేదు.

"మీటరు గీత చాలదంటే దీన్ని చూడండి. తలుపు తీసి పెట్టి ఉంటే అన్నిటికంటే ముందు కరిగేది ఇదే. కరిగి మళ్లీ గడ్డకడితే ఈ అంచులుండవు."

మాజీ వెన్నని వేలితో పొడిచి చూశాడు. వేలు దిగలేదు. "అయితే... వచ్చినప్పుడే పాడైన సరుకన్నమాట."

"పంపింది మీ కంపెనీయేగా?"

"మా గోదాములోంచి పాడైన సరుకు బయటికి రాదు."

"రాదా? మరి గుంటలో పోసేది ఏమిటండీ?" అంది టీచరమ్మ.

చలి లేకపోవడం కాదు, తలుపు కాదు. అరల మధ్య అటూ ఇటూ తిరిగాను. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కోపం తలకెక్కుతోంది. ప్రతి ఆకూ నన్ను చూసి ఎగతాళి చేస్తున్నట్టుంది. ఉల్లిపాయలు చెక్కుచెదరలేదు. గుమ్మడికాయలు నిగనిగలాడుతున్నాయి. ఆకులూ కీరదోసా మాత్రమే ఇలా. ఒక కీరదోసని చేతిలోకి తీసుకున్నాను. మెత్తబడింది కానీ కుళ్లలేదు. వాసన లేదు.

"ఇది కుళ్లలేదు," అన్నాను గట్టిగా. "పండింది."

"ఏమిటీ?"

అప్పుడు చూశాను. తలుపు దగ్గరి పాలకూరలో ఇంకా కొంత ఆకుపచ్చ మిగిలుంది. లోపలికి వెళ్లేకొద్దీ పసుపు ఎక్కువ. వెనక గోడ దగ్గర పూర్తిగా పసుపు. ఏదో ఆ మూల నుంచి ఊదినట్టుంది. కాగితం సంచీ, రాయిలాంటి అరటికాయ, దాని పక్కన యాపిల్. పొద్దున నేను మురిసిపోతూ మింగేసిన క్లూ!

కాలేజీలో ఇదే చదివాను, పరీక్ష రాసి మర్చిపోయాను. పండే పండు కంటికి కనపడని ఒక గాలిని వదులుతుంది. ఆ గాలి తగిలితే పక్కనున్న కాయ పండుతుంది. ఆకుకి తగిలితే ఆకు పసుపెక్కుతుంది. మూసిన గదిలో రెండు రోజులు తగిలితే ఇంక చెప్పక్కర్లేదు.

"తాళాలన్నయ్యా! ఇలా రండి. ఈ గుమ్మడికాయల వెనక ఏముంది?"

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. తాళాల గుత్తి చప్పుడు ఆగిపోయింది.

"అన్నయ్యా," అంది టీచరమ్మ మెల్లగా. "నేనున్నాగా. చెప్పు."

"యాపిళ్లు," అన్నాడు ఆయన. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "శనివారం వ్యాను వచ్చింది టీచరమ్మా. కంపెనీ వ్యానే. డ్రైవరు కొత్తవాడు. మీరు సోమవారం దాకా ఇంకేం దించుకోవద్దన్నారు. నేను వద్దనే అన్నాను. వాడు 'అయితే గుంటలో పోసేస్తా' అన్నాడు. మంచి యాపిళ్లు. చూస్తూ చూస్తూ ఎలా పొమ్మంటాను? గోడ మీద మనం రాసుకున్నదేమిటి? మీరు తిడతారని వెనక్కి నెట్టి పెట్టాను. సోమవారం ఇలా అయ్యేసరికి నా మూలానే అని నోరు పెగల్లేదు. కానీ యాపిళ్లు ఏం చేస్తాయి టీచరమ్మా? అవి తినే పండ్లేగా?"

టీచరమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

మాజీ చేతులు రుద్దుకున్నాడు. "తేలిపోయింది! వాళ్ల మనిషే, వాళ్ల తెలివితక్కువతనమే. రేపు పెద్దసార్లకి ఇదే చెప్తాను."

అంతా కనిపెట్టి చివరికి నేనే టీచరమ్మని ఇరికించానా? ఏం డిటెక్టివ్‌ని నేను! ఆ ఉక్రోషంలో గుమ్మడికాయల్ని ఒక్కొక్కటే పక్కకి దొర్లించి, వెనకున్న పెట్టెల్లో మొదటిదాన్ని బోర్లించేశాను. యాపిళ్లు నేలంతా దొర్లాయి. వాటితోపాటు అడుగు నుంచి తెల్లటి చిన్న పొట్లాలు రాలిపడ్డాయి. ఒకటి కాదు, గుప్పెళ్ల కొద్దీ.

ఒక పొట్లం తీసి వాసన చూశాను. టీచరమ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది. "ఏమిటమ్మా ఇవి?"

"పచ్చికాయల్ని తొందరగా మగ్గబెట్టడానికి పెట్టెల్లో వేసే పొట్లాలు. అరటిగెలలకి వేస్తారు. ఇవి వదిలేదీ ఆ గాలే, కాకపోతే యాపిల్ కంటే ఎన్నో రెట్లు." నేను మాజీ వైపు తిరిగాను. "ఇన్‌స్పెక్టర్ గారూ, పండిపోయిన యాపిల్‌కి పండించే పొట్లం ఎందుకండీ?"

మొట్టమొదటిసారి ఆయన నన్ను 'అమ్మాయ్' అనలేదు. వంగి ఒక పొట్లం తీశాడు. దాని మీదున్న నీలం ముద్ర చూశాడు.

"ఇది మా గోదాములోదే. పండబెట్టే గదిలోది."

"ఆ గదిలోకి ఎవరు వెళ్లగలరు?"

"తాళాలు రెండే. ఒకటి మేనేజర్ దగ్గర. రెండోది నా దగ్గర."

నేను చెయ్యి చాపాను.

"మీది చూపించండి."

"నా దగ్గర లేదు. శుక్రవారం మేనేజర్ తనది ఇంట్లో మర్చిపోయానని నాది తీసుకున్నాడు. ఇంకా తిరిగివ్వలేదు. రెండుసార్లు అడిగాను. రేపిస్తా, రేపిస్తా అంటున్నాడు."

"మాకూ అంతే అంటాడు," అంది టీచరమ్మ.

నేను పెట్టె మీద కూర్చున్నాను. "అంటే ఈ పొట్లాలు ఎప్పుడు బయటపడ్డా తీసింది మీ తాళంతోనే కాబట్టి గోదాము తాళాల పుస్తకంలో ఉండేది మీ పేరే. టీచరమ్మ కాకపోతే మీరు. ఆయన మాత్రం ఎటు చూసినా చల్లగానే ఉంటాడు. కానీ ఎందుకు? ఒప్పందానికి చెయ్యి కలిపింది ఆయనేగా?"

"పై వాళ్లు ఒప్పుకున్నారు కాబట్టి కలిపాడు," అంది టీచరమ్మ. "మేం ఒక్క షరతే పట్టుబట్టాం. పారేసే ప్రతి పెట్టెనీ ముందు మాకు చూపించాలి, ఈ లోడు సక్రమంగా నడిస్తే అది అమల్లోకి వస్తుంది. దానికి మాత్రం ఆయన చాలా గింజుకున్నాడు."

మాజీ టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. "గుంటకి లారీలు వెళ్తూనే ఉంటాయి. గుంట మాత్రం నిండదు. ఒకసారి అడిగాను. 'ఎలుకలు తినేస్తున్నాయి' అన్నాడు. నవ్వి ఊరుకున్నాను." ఆ మనిషి నేల వంక చూశాడు. "పాడైందని ముద్ర వేసి మంచి సరుకు వెనక గేటు నుంచి ఎటో తరలిస్తున్నాడు. నా గేటు నుంచే! ఎలుకలట!"

"మీకు కోపం వచ్చిందాండీ?"

"రాదా మరి?"

"హమ్మయ్య. రెండు రోజుల నుంచి నేనొక్కదాన్నే కోపంగా ఉన్నాను."

ఆయన మీసం కింద ఏదో కదిలింది. నవ్వే అనుకుంటాను.

కానీ పొట్లాలు చూపిస్తే సరిపోదు. నాది కాదంటాడు, తాళం సెక్యూరిటీ ఆఫీసర్ తీసుకున్నాడంటాడు. పెట్టెలు తనవేనని ఆయన చేతలతోనే చెప్పించాలి. ఆలోచించి, టీచరమ్మ చెవిలో నాలుగు మాటలు చెప్పాను. ఆవిడ తల పంకించి ఫోన్ తీసింది. అందరికీ వినపడేలా పెట్టింది.

"బాబూ, నేను టీచరమ్మని. మా గదిలో గుమ్మడికాయల వెనక ఏవో యాపిల్ పెట్టెలు కనిపించాయి. ఎవరు పెట్టారో తెలీదు. మేం ఇంకా ముట్టుకోలేదు. రేపు పెద్దసార్లు వచ్చాక వాళ్ల ముందే అడుగుదాకా తెరిచి చూపిద్దామనుకుంటున్నాం."

అవతల కుర్చీ కిర్రుమంది.

"అయ్యయ్యో, అంత పని చేయకండమ్మా," అన్నాడు మేనేజర్. గొంతులో తేనె అలాగే ఉంది, కాకపోతే కొంచెం తొందరగా కారుతోంది. "కుళ్లిన పండ్లు వాళ్ల ముందు తెరిస్తే మీ పరువే పోతుంది. మీరు నాకు తల్లితో సమానం. పొద్దున్నే, వాళ్లు రాకముందే నేనే వచ్చి తీసుకెళ్లిపోతాను. మీకు శ్రమ వద్దు. తాళంచెవి ఇప్పించండి చాలు."

"నువ్వే వస్తావా బాబూ?"

"నేనే వస్తానమ్మా. స్వయంగా."

టీచరమ్మ ఫోన్ పెట్టేసి, గుమ్మంలో నడుం ఎత్తున పేరుకున్న ఖాళీ పెట్టెల వంక చూసింది.

"నెల నుంచి నా ఖాళీ డబ్బాలకి మనిషిని పంపడానికి తీరని బాబు, ఎవరివో తెలీని యాపిళ్లకి తెల్లారేసరికి స్వయంగా వస్తానంటున్నాడు," అంది.

మాజీ మెల్లగా టోపీ పెట్టుకున్నాడు. "ఏం చేద్దామంటావ్?"

"పెద్దసార్లకి మీరు ఫోన్ చేసి రేపు ఒక గంట ముందు రమ్మనండి. కారణం చెప్పొద్దు. మీరు మాత్రం అంతకంటే ముందే వచ్చి ఈ గుమ్మడికాయల వెనకే, పెట్టెలకి దూరంగా అవతలి మూల కూర్చోవాలి."

"ఈ చలిలోనా? నాకసలే జలుబు!"

"మా ఆయన స్వెటర్ ఇస్తాను. కొత్తది, పెళ్లికి వచ్చింది. మరక చేయకండి." దొర్లిన యాపిళ్లని ఏరి, పొట్లాలన్నిటినీ మళ్లీ అడుక్కి సర్దుతూ చెప్పాను. "ఆయన్ని ఎవరూ ఆపొద్దు. పెట్టెలు ఎత్తుకోనివ్వాలి, వ్యాను దాకా మోసుకెళ్లనివ్వాలి. పెద్దసార్ల కారు గేటులోకి వచ్చేసరికి అవి ఆయన చేతుల్లోనే ఉండాలి."

తాళాలన్నయ్య ఇంకా గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. టీచరమ్మ ఆయన దగ్గరికి వెళ్లి, కొంగుతో ముఖం తుడుచుకోమన్నట్టు సైగ చేయబోయి, ఆయనకి కొంగు లేదని గుర్తొచ్చి తన చేతిరుమాలు ఇచ్చింది.

"అన్నయ్యా, రేపు పొద్దున ఆ బాబు వచ్చి తాళంచెవి అడుగుతాడు," అంది. "వెంటనే ఇచ్చెయ్. ఈసారి మాత్రం అసలు కాదనకు."